ఎస్తోనమ్మ కుడి కన్ను

నంద్యాలకు ఎందుకు వెళ్ళావని అడిగినవాళ్ళందరికీ మహానంది చూడటానికని చెప్పాను. మహానంది నేను చూడనేలేదు. ఎస్తోనియా దేశపు రచయిత్రి ఒకామె రాతివిగ్రహం చూడటానికి వెళ్తున్నానంటే మా విజయనగరంలో నన్ను వింతగా చూస్తారని ఆ అబద్ధం ఆడాను. తిరిగొచ్చి రెండు నెలలైంది. ఇప్పుడు నిజం చెప్పినా వింతగానే చూస్తారు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఆ రచయిత్రి సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో ఎస్తోనియా భూములు జర్మను దొరల చేతిలో, కచేరీలు రష్యా చక్రవర్తి చేతిలో ఉండేవి. ఎస్తోనియను అంటే పాలేర్లు మాట్లాడుకునే భాషని చిన్నచూపు. మాకూ ఒక భాష ఉంది, మేమూ ఒక జాతి అని పల్లెల్లో కదలిక మొదలైనప్పుడు అందులో దిగినవాళ్ళలో ఈమె ఒకతె. కథలు రాసింది, ఆడవాళ్ళకు పత్రిక నడిపింది, ఆడపిల్లలకు సొంత భాషలో చదువు చెప్పే బడి పెట్టింది. చిన్నప్పుడు జబ్బుచేసి ముఖం కుడివైపు పాడైతే బతికినంతకాలం అటువైపు తలగుడ్డ లాక్కుని తిరిగింది. నాకు దొరికిన ఒకే ఒక్క ఫోటోలోనూ అంతే, సగం ముఖం, సగం గుడ్డ. ఆమె పేరు సరిగ్గా పలకడానికి నాకే నాలుగు నెలలు పట్టింది. విగ్రహం చెక్కిన ఆళ్ళగడ్డలో ఆమెను ఎస్తోనమ్మ అంటారు. నేనూ అదే అంటాను.

పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తూ, ఇంగ్లీషులో దొరికిన ఆమె రాతల్ని తెలుగు చేసి ఒక చిన్న పత్రికలో వేయించాను. చదివినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో ఒకరు నంద్యాల సుభద్రమ్మ టీచరు. ఆళ్ళగడ్డ దగ్గర ఆడపిల్లల బడి పెట్టి జీవితమంతా దానికే ధారపోసిన మనిషి. తనలాంటి పిచ్చిది తనకంటే ముందే ఒకతె ఉందని తెలిసి ధైర్యం వచ్చిందని నాకు ఉత్తరం రాశారు. ఆ తర్వాత, బడి ముంగిట్లో ఆమె విగ్రహం పెట్టి తీరాలని పట్టుబట్టారు. ఫోటో నేనే పంపాను. దాంతోపాటు ఒక చీటీ కూడా పెట్టాను: ఆ గుడ్డ తీసేసి నిండు ముఖం చెక్కించండి, బతికినన్నాళ్ళూ దాక్కున్నది చాలు. ఆ మాట రాసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

నంద్యాల

రైలు పొద్దున్నే దించింది. స్టేషను బయట పొగలు కక్కుతున్న ఉగ్గాని చూసి ఆకలి రెట్టింపైంది. మా వైపు మరమరాలంటే సాయంత్రం ఉల్లిపాయ, నిమ్మకాయ కలిపి పొట్లం కట్టించుకునే కాలక్షేపం. వీళ్ళు వాటిని నీళ్ళలో తడిపి, పిండి, తిరగమోత పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీతో పొద్దున్నే కడుపునిండా తింటారు. ప్లేటు నలభై రూపాయలు. మొదటి బజ్జీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండోది పౌరుషం కోసం తిన్నాను.

"యాడికి పోవల్లమ్మా?" అని హోటలాయన అడిగాడు. సుభద్రమ్మ టీచరు ఇంటికని చెప్పగానే నా చేతిలో నోటు వెనక్కి నెట్టాడు.

"టీచరమ్మ ఇంటికొచ్చిన మనిషి దగ్గర దుడ్లు తీసుకుంటానా? నా బిడ్డ ఆ బళ్ళోనే సదివింది. బేగా పో, ఎండ ముదురుతాది." నేను కదలబోతుంటే మళ్ళీ పిలిచి, "ఆమెను కొంచెం సూసుకోమ్మా. మూడు దినాల్నుంచి బయటికి రాలేదు," అన్నాడు.

కాలువ దగ్గర చిన్న ఇల్లు. నేల నిండా బేతంచెర్ల బండలు, కాలు పెడితే మట్టికుండను తాకినంత చల్లగా ఉన్నాయి. సుభద్రమ్మగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నాకంటే పొడుగు. ఉత్తరాల్లోనే తప్ప మేము ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. "చెప్పులు కుడిపక్కన ఇడువు. ప్రయాణంలో కష్టమాయెనా?" అన్నారు. మాట ముక్కుసూటిగా ఉంది, ముఖం మాత్రం నా భుజం మీదుగా వీధిలోకి చూస్తున్నట్టుంది. ఎడమ కన్ను గ్లాకోమాతో, అంటే నీటికాసులతో, ఏనాడో పోయిందని ఉత్తరంలో రాసి ఉన్నారు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

గోడల మీద ఒక్క దేవుడి పటం లేదు. వాస్తు గురించి, ముహూర్తాల గురించి భోంచేస్తున్నంతసేపూ ఎగతాళి చేస్తూనే ఉన్నారు. జొన్నరొట్టె తనే తట్టారు, ఊరుబిండి పచ్చడి తనే నూరారు. కాలిన రొట్టెను వేళ్ళతోనే తిప్పేసే ఆ చేతులు చూసి అలవాటంటే ఇదీ అనుకున్నాను. మజ్జిగ పోసేటప్పుడు మాత్రం గ్లాసు లోపల చూపుడువేలు పెట్టి పోశారు. నాకు శుభ్రం పట్టింపు కొంచెం ఎక్కువే. ముఖం చిట్లించాను. ఆమె గమనించలేదు.

"కుడి కన్ను ఎలా ఉంది టీచరుగారూ?" అని అడిగాను.

"ఉండాది," అన్నారు. కాసేపాగి నవ్వారు. "మంగళవారం నుంచి లోకమంతా పసుప్పచ్చగా కనపడతాంది. పొద్దున పది గంటలకు రేడియో ఇంటాంటే, ఎవురో కంటికి అడ్డం పచ్చగుడ్డ కట్టినట్టాయె. డాక్టరు మందు మార్చినాడు. ఏం కాదులే. బొమ్మ చూసేదాకా ఉంటే చాలు నాకు."

బొమ్మను ఆదివారం బడిలో నిలబెట్టాలని నిర్ణయించారు. అది చూడాలన్న ఆశతోనే ఆమె ఆ ఒక్క కన్నునూ కాపాడుకుంటున్నారని నాకు తెలుసు. ప్రతి ఉత్తరంలోనూ అదే మాట ఉండేది. రేపు ఆళ్ళగడ్డ వెళ్ళి, పీఠం మీద చెక్కిన అక్షరాల్లో తప్పుల్లేవని చూసి రావడం నా పని.

ఆళ్ళగడ్డ

బస్సులో నా పక్కన రుద్రవరం పోయే ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో సంచి నిండా పచ్చి బుడ్డలు, అంటే మన వేరుశనగలు. రెండు గుప్పెళ్ళు నా కొంగులో పోసి, ఆ తర్వాతే ఎవరు, ఎక్కడికి అని అడిగింది. మా వైపు ముందు కులగోత్రాలు అడుగుతారు, పెట్టడం తర్వాత. ఆళ్ళగడ్డలో విగ్రహం చూడాలని చెప్పాను.

"ఎవురు సచ్చిపోయిరి?" అంది వెంటనే.

ఆ ఊళ్ళో విగ్రహమంటే దేవుడిదైనా అయివుండాలి, పోయిన మనిషిదైనా అయివుండాలి. మాది పోయిన మనిషిదేనని, పోయి నూరేళ్ళు దాటిందని చెప్పాను. ఆవిడ బుడ్డలు ఒలవడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నూరేండ్లాయెనా? మరి ఇప్పుడు ఏల లేపుతాండారు ఆమెను?"

కిటికీలోంచి నల్లమల కొండల్ని చూస్తూ కూర్చున్నాను.

ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే వరసగా శిల్పుల షెడ్లు. ఎర్రటి ఎండ. రాయి కోసే మిషను ఆగితే చెవులు గింగురుమంటున్నాయి. మా విగ్రహం చెక్కుతున్న ఓబులాచారి షెడ్డులో అడుగుపెట్టగానే ఆగిపోయాను. లోపల ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. కండువాలవాళ్ళు, తలపాగాలవాళ్ళు, చెయ్యెత్తి అభయమిస్తున్నవాళ్ళు. కొందరి ముఖాలకు గుడ్డలు చుట్టారు. చుట్టనివాళ్ళకు కనుగుడ్లు నున్నగా, కోడిగుడ్లలా ఉన్నాయి. చూపు లేని ముప్పై ముఖాలు వాకిలివైపు తిరిగి ఉంటే, మిట్టమధ్యాహ్నమైనా నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"భయపడమాకమ్మా. కండ్లు తెరిసేది ఆఖర్న. అంతదాకా అవి రాళ్ళే," అన్నాడు ఓబులాచారి. డెబ్బై దాటాడు. రాతిదుమ్ముతో కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. మూలనున్న ఒక నాయకుడి విగ్రహం చూపించాడు. దాని కాళ్ళ దగ్గర గడ్డి మొలిచింది. "ఈయప్ప బతికుండంగనే చేయించుకున్యాడు. కండ్లు మాత్రం తెరవొద్దన్యాడు. ఏటా వచ్చి సూసుకోని పోతాడు."

"ఎందుకు తెరవొద్దు?"

"బతికినోళ్ళ మొగం చెక్కరాదు. చెక్కినా కన్ను తెరవరాదు. తెరిస్తే ఆ మనిషి కంటిచూపు రాతిలోకి వస్తాదనేటోడు మా నాయన." చాలా మామూలుగా, పాలు విరుగుతాయని చెప్పినట్టు చెప్పాడు.

అక్షరాలు చూశాను. ఆయనకు చదువు రాదు. నేను కాగితం మీద రాసి పంపినదాన్ని బొమ్మ గీసినట్టు చూసి చెక్కాడు. ఎస్తోనియను అక్షరాల నెత్తిమీద ఉండే జంట చుక్కలు కూడా ఒక్కటీ తప్పిపోలేదు. నాకు ముచ్చటేసింది. ఇక ముఖం చూపించమన్నాను.

షెడ్డు వెనక, తాటాకు నీడలో పెట్టాడు ఎస్తోనమ్మను. రొమ్ము వరకే విగ్రహం, నల్లరాయి. ఎడమ సగం ఫోటోలో ఉన్న మనిషే. అదే పట్టుదల, అదే బిగించిన పెదవి. ఎడమ కన్ను తెరిచి ఉంది. కుడి కంటికి అడ్డంగా, నెత్తి మీదుగా చెవి కిందికి, పసుపు గుడ్డ కట్టి ఉంది. నేను తీయించిన గుడ్డ సరిగ్గా ఫోటోలో ఉన్నచోటికే తిరిగొచ్చింది. పైగా అది పసుపు గుడ్డ, టీచరుగారు తన కంటికి అడ్డం కట్టినట్టుందని చెప్పిన రంగే.

"ఆ గుడ్డ ఎందుకు కట్టారు?"

ఓబులాచారి చుట్టూ చూశాడు. పక్కనున్న బండమీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు. "నీకు చెప్తా. ఎవురికీ చెప్పలేదు ఇంగా," అని మొదలుపెట్టాడు.

ఫోటోలో కుడి సగం లేదు. గుడ్డ తీసేయమని నేను చీటీ పంపాను. లేని సగాన్ని ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ మాట సుభద్రమ్మగారితో అంటే ఆమె నవ్వి, "నా మొగం చూసి చెక్కప్పా, మేమిద్దరం ఒక జాతే గదా," అని మూడు దినాలు వచ్చి ఈ బండమీదే కూర్చున్నారట. ఆయన వద్దన్నా వినలేదట. మూఢనమ్మకమని కోప్పడ్డారట. ఆయన కూతురూ ఆ బళ్ళోనే చదివింది, కాదనలేకపోయాడు.

"కుడిపక్క టీచరమ్మదే. కన్నూ ఆమెదే. ఆదివారం అందరి ముందర తెరవల్ల. నా సెయ్యి వణుకుతాంది తల్లీ, చూడు." చెయ్యి చాపాడు. నిజంగానే వణుకుతోంది. "జనం ముందర ఉలి తప్పితే రాయి పాడైపోతాది. రాయిలో తీసేదే గానీ పెట్టేది ఉండదు. అందుకని సెయ్యి కుదురుగా ఉండిన దినం ఒంటిగా కూర్చోని తెరిసేసినా. తెరిసిన కన్ను కట్టెయ్యల్ల గదా, పసుపు గుడ్డ కట్టినా. ఆదివారం ఉత్తగా సూది తాకించి గుడ్డ ఇప్పుతా."

"ఏ రోజు తెరిచారు?" అని అడిగాను.

"మంగళవారం. పది గంటలకు."

మిషను మళ్ళీ మొదలైంది. ఆ రొదలో ఆయన నా చెవి దగ్గరికి వంగి అడిగాడు. "నువ్వు ఆమె ఇంట్లోనే దిగినావు గదా. టీచరమ్మ కన్ను బాగుండాదా? పోయి సూసి చెప్పుమ్మా. అది తెలిసేదాకా నాకు బువ్వ దిగదు."

మళ్ళీ నంద్యాల

సాయంత్రం ఐదుకల్లా నంద్యాల చేరాను. బస్సులో వస్తున్నంతసేపూ నన్ను నేను సముదాయించుకున్నాను. నీటికాసులు ఎన్నేళ్ళుగానో ఉన్న జబ్బు. ఏదో ఒక రోజు ముదరాల్సిందే, ఆ రోజు మంగళవారమైంది, అంతే. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసినదాన్ని, ఇలాంటివాటికి బెదరను. కానీ ఆ పచ్చగుడ్డ మాట ఆమెకు ఎవరు చెప్పారు?

తలుపు తీసే ఉంది. సుభద్రమ్మగారు గదిలో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నారు. నేను చెప్పులు వాకిట్లోనే విడిచి, చప్పుడు చేయకుండా లోపలికి వచ్చాను. నిన్న నేను కూర్చున్నది కిటికీ పక్క కుర్చీలో. ఇవాళ కావాలనే మంచం అంచున కూర్చున్నాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మంచం కిర్రుమంది. ఆమె తలెత్తి, నిండుగా నవ్వి, కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీతో, "వచ్చినావా? ఎట్లుండాది మా ఎస్తోనమ్మ?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఆ కుర్చీ వైపు చూస్తూ ఇంకా రెండు ప్రశ్నలు అడిగారు. మూడోదానికి నేను మంచం మీదనుంచి జవాబు చెప్పాను. చేటలో వేళ్ళు ఆగిపోయాయి.

"తెలిసిపాయెనా నీకు?" అన్నారు చివరికి.

"పూర్తిగా పోయిందా?"

"పసుపు తప్ప ఏం లేదు. మొగం లేదు, గోడ లేదు, పగలు లేదు. ఉట్టి పసుపు." గొంతు వణకలేదు. "ఓబులాచారికి చెప్పొద్దు. ఆయప్ప పిచ్చి నాకు తెలుసు. తన ఉలి వల్లనే పోయిందనుకుంటాడు. ఇంక బతికినన్నాళ్ళు రాయి ముట్టుకోడు. నాకు వచ్చింది జబ్బు. జబ్బుకు ఆయప్పను బలిపెట్టను."

ఆయన మంగళవారమే తెరిచేశాడని నేను ఆమెకు చెప్పలేదు. ఆమె కన్ను పోయిందని ఆయనకు చెప్పకూడదు. నేను రాసిన ఒక్క చీటీతో మొదలైన పని వల్ల ఇద్దరి రహస్యాలూ నా ఒళ్ళోకి వచ్చిపడ్డాయి. ఆ రాత్రి ఇంకో రొట్టె వేయించుకోమని ఆమె ఎంత చెప్పినా నాకు సయించలేదు.

రుద్రవరం రోడ్డులో బడి

ఆదివారం పొద్దున్నే కారులో ఇద్దరం బడికి వెళ్ళాం. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకున్నారు. నా మోచెయ్యి పట్టుకుని, ముసలితనం వల్ల పట్టుకున్నట్టు నటిస్తూ నడిచారు. ఎక్కడ మెట్టుందో ఆమెకే నాకంటే బాగా తెలుసు. ఆడపిల్లలు సెలవురోజైనా నీలం యూనిఫాంలో వచ్చి పాడుతూ కోలాటం వేశారు. ఎస్తోనియాలో అప్పట్లో వేలమంది మైదానాల్లో చేరి పాడేవారట. పాటలతోనే తమ భాష పోలేదని చెప్పుకున్నారట. ఇక్కడ అరవై మంది. అయినా ఆ గొంతులకు ముంగిలి దద్దరిల్లింది.

విగ్రహం తరగతి గదుల వైపు చూసేలా పీఠం మీద పెట్టారు. ఎప్పుడూ పిల్లల్ని చూస్తుండాలని అది సుభద్రమ్మగారి కోరిక. ఓబులాచారి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. నిచ్చెన ఎక్కే ముందు నా దగ్గరికి వచ్చి ఏమీ అడగకుండా నిలబడ్డాడు. ఆ రెండు రోజులూ అన్నం తినలేదని ఆయన ముఖమే చెబుతోంది.

"కన్ను బాగుంది," అన్నాను.

ముసలాయన కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. అంత సులువుగా అంత పెద్ద అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు.

వాళ్ళ ఆచారం ప్రకారం మొదటి చూపు అద్దం మీద పడాలి. ఒకాయన అద్దం ఎత్తి పట్టుకున్నాడు. ఓబులాచారి బంగారు సూదితో కుడి కంటి దగ్గర ఉత్తుత్తిగా తాకించి, పసుపు గుడ్డ ముడి విప్పాడు. గుడ్డ జారింది. సరిగ్గా అప్పుడే నా మోచెయ్యి మీద సుభద్రమ్మగారి వేళ్ళు బిగుసుకున్నాయి. గోళ్ళు దిగిన గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

"పసుపు పాయె," అన్నారు, నాకు ఒక్కదానికే వినపడేలా.

"ఏం కనిపిస్తోంది?"

"ఏదో తళతళమంటాంది," అన్నారు. తర్వాత ఎంత అడిగినా ఆ మాట ఎత్తలేదు. అందరికీ చేతులు జోడించి, విగ్రహం చాలా బాగా వచ్చిందని, ఓబులాచారి చెయ్యి గొప్పదని మైకులో చెప్పారు. భోజనాల్లో ఓళిగలు, అంటే మన బొబ్బట్లు, పెట్టారు. ఓబులాచారి ఐదు తిన్నాడు. నేను లెక్కపెట్టినందుకు నన్ను చూసి నవ్వాడు.

ఇంటికొచ్చాక

పది రోజుల తర్వాత ఓబులాచారి ఫోన్ చేశాడు. విగ్రహం తూర్పు ముఖంగా ఉండాలని ఊరి పెద్దలు పట్టుబడితే, ముందురోజు దాన్ని గేటు వైపు తిప్పి పెట్టారట. "టీచరమ్మ కోప్పడతాది. నువ్వే మెల్లగా చెప్పు," అన్నాడు. సరేనని, ఆ మర్నాడు చెబుదామని ఊరుకున్నాను. ఇలాంటి కబుర్లు వాయిదా వేయడంలో నేను ఘనురాలిని.

మర్నాడు పొద్దున నేను చేసే లోపే ఆమె చేశారు. గొంతు వేరేగా ఉంది.

"బళ్ళో బొమ్మ ముందర ఉండేవి తరగతి గదులు గదా?"

"ఎందుకు అడుగుతున్నారు?"

"మొన్నటిదాకా పొద్దున తొమ్మిది కొడితే నీలంగా ఏదో ఒకటి గోడమ్మడి కదిలేది. నిద్రలేమి అనుకున్నా. నిన్నటి నుంచి అట్ల లేదు. ఎదురుగా నిలువు చారలు, గేటు మాదిరి. తొమ్మిది కొడితే అవి తెరుచుకుంటాండాయి. నీలంగా ఉండేది నేరుగా నా మీదికే నడిచి వస్తాంది." ఆగారు. "నంద్యాలలో నా ఇంట్లో, నా మంచం మీద కూర్చోని చూస్తాండా ఇది. నేను పిచ్చిదాన్నయితే చెప్పు."

ఇక దాచడం నావల్ల కాలేదు. విగ్రహాన్ని తిప్పారని చెప్పాను. మంగళవారం సంగతి, పది గంటల సంగతి, పసుపు గుడ్డ సంగతి అన్నీ చెప్పాను. నేను ఆడిన అబద్ధం కూడా చెప్పాను.

దేవుడి పటం లేని ఆ గదిలో, బేతంచెర్ల బండల మీద కాళ్ళు పెట్టుకుని ఆమె ఎలా కూర్చుని ఉంటారో నేను ఊహించుకున్నాను. ఆమె తిడతారనుకున్నాను, లేదా నవ్వేస్తారనుకున్నాను.

"యాళ ఎంత ఇప్పుడు?" అన్నారు.

"తొమ్మిదికి రెండు నిమిషాలు."

"అయితే ఫోన్ పెట్టెయ్యి. పిల్లకాయలు వచ్చే యాళాయె." పెట్టేయబోయి మళ్ళీ అన్నారు. "ఆయప్పకు అంతా చెప్పు. కన్ను బాగా తెరిసినాడని నేను చెప్పినానని చెప్పు."

ఓబులాచారికి ఫోన్ చేశాను. మొదట ఉలి చప్పుడే వినిపించింది. నేను చెబుతూ ఉండగా అది ఆగిపోయింది. కన్ను బాగా తెరిచారని టీచరుగారు చెప్పమన్న మాట చెప్పాక, ఉలి చప్పుడు మళ్ళీ మొదలైంది.